కొత్త పానాల పెట్టె

ఇనప సామాన్ల షాపులో డ్రైవరు డబ్బు తీద్దామని జేబులో చెయ్యి పెట్టేసరికి, పక్కనుంచి ఎవరో పానాల పెట్టె మూత మూసేశారు.

"ఇది వద్దు బాబూ."

చూస్తే ఎవరో పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, కళ్ళజోడు. షాపు మనిషిలా లేడు. కొనడానికి వచ్చినవాడిలా అంతకన్నా లేడు.

డ్రైవరుకి చిరాకేసింది. అసలే తొందరలో ఉన్నాడు.

తుంటి విరిగి ఆసుపత్రిలో పడుకున్న తల్లి ఆదివారం ఇంటికి వస్తోంది. వీళ్ళ కాపురం గ్యారేజీ మీద రెండు గదుల్లో. పైకెళ్ళే మెట్ల పక్కన బోడిగోడ తప్ప పట్టుకోవడానికి ఆసరా లేదు. ఈలోగా రెయిలింగు బిగించాలి. పనివాణ్ణి పిలుద్దామని భార్య అంటే, మెకానిక్కు కొడుకునై ఉండి నాలుగు బోల్టులకి పరాయివాణ్ణి పిలవాలా అని ఎగిరిపడ్డాడు. అందుకని ఇప్పుడు మాట నిలబెట్టుకోక తప్పదు.

పెద్దాయన ఏం పనికని అడిగాడు. డ్రైవరు ముక్తసరిగా చెప్పాడు.

ఆ మాత్రానికి పెట్టెడు సామాను దేనికన్నాడు పెద్దాయన. రెండు పానాలు, ఒక సుత్తి, ఒక కటింగ్ ప్లేయరు చాలన్నాడు. పెట్టె ధరలో సగానికి వస్తాయనీ, కొడుకుల కాలం దాకా ఉంటాయనీ అన్నాడు. అంటూనే చొరవగా మూల అరలోంచి రెండు పానాలు తీసి ముందు పెట్టాడు.

నల్లగా, గరుగ్గా ఉన్నాయవి. పొయ్యిలోంచి తీసినట్టున్నాయి.

పెట్టెలోవి మాత్రం మొహం చూసుకోవచ్చు, అంత తళతళలాడుతున్నాయి. పైగా వాటి మీద ఉన్న పేరు డ్రైవరుకి చిన్నప్పటినుంచీ తెలుసు.

"మా నాన్న పని చేసినన్నాళ్ళూ ఈ పేరున్న పానా తప్ప ఇంకోటి ముట్టుకోలేదండీ," అన్నాడు.

పెద్దాయన పెట్టె మూత మీది పేరుని వేలితో ఒకసారి తడిమాడు.

"ఆయన వాడినవి వేరు బాబూ," అన్నాడు.

జేబులోంచి ఒక బోల్టు తీశాడు. దాని నట్టు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. కౌంటరు చివరనున్న వైసు ఇనప దవడల మధ్య దాన్ని బిగించి, నల్లదానితో ఒకసారి, పెట్టెలోదానితో ఒకసారి తిప్పి చూడమన్నాడు. పానా మంచిచెడ్డలు చేత్తో చూడాలి గాని కంటితో కాదన్నాడు.

కొనకముందే గీతలు పడితే ఎవరు తీసుకుంటారని డ్రైవరు పెట్టెను దగ్గరికి లాక్కున్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది.

"ఇంతకీ ఆ నల్లవాటి కంపెనీ మీకు కమీషను ఎంతిస్తుందేమిటి?"

పెద్దాయన బోల్టు ఊడదీసుకుని జేబులో వేసుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు. బిగించాక ముందు నీ బరువు వేసి చూసుకో, ఆ తర్వాతే అమ్మ చెయ్యి వెయ్యనివ్వు అని చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇలాంటివాళ్ళని షాపులో నిలబెట్టుకుంటే బేరాలేం సాగుతాయని డ్రైవరు యజమానిని నిలదీశాడు. ఇకమీద రానివ్వనులెండి అన్నాడు యజమాని. ఆ మాట ఎవరైనా అంటే బాగుండునని ఎన్నాళ్ళనుంచో చూస్తున్నట్టుంది.

శనివారం సాయంత్రానికి రెయిలింగు నిలబడింది. భార్య కూడా మెచ్చుకుంది.

చివరి రెండు చుట్లు తిప్పేటప్పుడు మాత్రం కొత్త పానా జారింది. గట్టిగా పట్టి తిప్పితే దాని నోరు సాగి, నట్టు అంచులు అరిగిపోయాయి. ఆ మాత్రం చాల్లే అని డ్రైవరు తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. బరువు వేసి చూడమన్న మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకే వెయ్యలేదు.

ఆదివారం తల్లి మూడో మెట్టు మీద రెయిలింగు పట్టుకుని ఒళ్ళు ఆనించింది. పై బోల్టు గోడలోనే ఉంది. నట్టు ఊడి, రెయిలింగు చేతిలోకి వచ్చేసింది.

వెనక కోడలు ఒడిసి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే మళ్ళీ ఆసుపత్రే. తల్లి ఆ మెట్టు మీదే కూలబడింది.

"మీ నాన్న బిగించింది ఎప్పుడైనా ఊడిందిరా?" అంది.

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. డ్రైవరుకి తలెత్తబుద్ధి కాలేదు.

ఆమె ఇక ఆ మెట్లెక్కనంది. గ్యారేజీలోనే మంచం వేశారు.

కొన్నాళ్ళు డ్రైవరు అటూ ఇటూ తిరిగి, ఆఖరికి నోరు సాగిన పానా పట్టుకుని షాపుకి వెళ్ళాడు. తగవుకి వచ్చాడనుకుని యజమాని ముందే మొహం గంటు పెట్టుకున్నాడు.

తగవు కాదనీ, ఆ పెద్దాయన కావాలనీ చెప్పాడు డ్రైవరు. ఆయన ఏవి తీసిస్తే అవే కొంటానన్నాడు.

"మీరే కదండీ రానివ్వొద్దన్నారు," అన్నాడు యజమాని.

"ఇల్లెక్కడో చెప్పండి. నేనే వెళ్ళి బతిమాలుకుంటాను."

పెద్దాయన ఇల్లు ఖాళీ చేసి దూరాన ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడట. మిగతా షాపులవాళ్ళు ఎప్పుడో పొమ్మన్నారు. ఆయన్ని నిలబడనిచ్చిన ఆఖరి షాపు ఇదే.

డ్రైవరు మూల అర దగ్గరికి నడిచి, నల్ల పానాలు రెండు తనే తెచ్చుకుని కౌంటరు మీద పెట్టాడు.

"పోనీలెండి. కమీషను కోసం చెప్పినా నిజమే చెప్పాడు," అన్నాడు.

యజమాని ఆ పానాలు కాగితంలో చుడుతున్నవాడల్లా ఆగాడు. ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆయనకి వచ్చేది వీటి మీద కాదండీ. మీ పెట్టె మీదున్న పేరు ఆయనదే, కంపెనీ చెయ్యి మారినా ఆ పెట్టె అమ్ముడైనప్పుడల్లా ఆయన వాటా ఇప్పటికీ ఆయనకే వెళ్తుంది."