ఫ్రిజ్ మీది దుమ్ము

ఆ ఊళ్లో రాత్రిపూట ఫోన్లతో పాటు, వంగిన నడుములను నిలబెట్టే వెన్నుచొక్కాలనూ చార్జింగ్‌కు పెడతారు. బోరునీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని ఎందరి వెన్నులనో వంచేసింది. స్రవంతి వెన్ను మరీ వంగిపోయి, ఏళ్లుగా ఆమెకు నేల తప్ప వేరే లోకం లేదు. ఇప్పుడు మందులు బిగుసుకున్న కీళ్లను సడలిస్తుంటే, చొక్కా ఆమెను రోజుకు కొంచెం చొప్పున లేపుతోంది.

ఒక పొద్దున పప్పుకు పోపు పెడుతుంటే చొక్కా పలికింది.

"అక్కా, ఇయ్యాల ఆఖరు లేపుడు. మెల్లగ లెవ్వు."

స్రవంతి పొయ్యి ఆపి, ఊపిరి బిగబట్టి నిటారుగా లేచింది. కిటికీ కనిపించింది, గడియారం కనిపించింది, ఆపైన ఫ్రిజ్ నెత్తి కనిపించింది. దాని మీద వేలు మందం దుమ్ము. దుమ్ము నడుమ తళతళలాడుతూ, భర్త తినొద్దని డాక్టరు చెప్పిన, నూనెలో వేయించిన సకినాల డబ్బా.

"ఏమయ్యా, ఇటు రా! ఫ్రిజ్ దినాం తుడుస్తున్న అంటివి గదా?"

నరేందర్ పరుగున వచ్చాడు. సంజాయిషీ సిద్ధం చేసుకుని, అలవాటుగా కిందికి చూశాడు. అక్కడ భార్య ముఖం లేదు. తలెత్తాడు. ఇంకా ఎత్తాల్సి వచ్చింది. పెళ్లి ఫోటో కోసం ఆమె పక్కన తనను పీట ఎక్కించిన సంగతి అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

స్రవంతికీ గుర్తొచ్చింది. డబ్బాలోంచి ఒక సకినం తీసి పటపటా నమిలింది.

"పో, ఆ పీట తెచ్చుకో," అంది. "మొదలు ఫ్రిజ్ తుడువు."