దీపానికి పట్టిన కవరు

"ఆ పెట్టెకు టేపు వెయ్యకు," అంది చిన్న డాక్టరు తూరున్.

ఫార్మసీ నుంచి వచ్చిన మనిషి చేతిలో టేపుతో అలాగే ఆగి, గున్వర్ వైపు చూశాడు. గున్వర్ ఆ ఎమర్జెన్సీ వార్డుకు పెద్ద డాక్టరు. పెట్టెలోని కొత్త మందు మీద ఎనిమిది నెలలుగా నడిచిన పరీక్షకు కూడా ఆమే పెద్ద. ఆ పొద్దుటే దాన్ని ఆపేసింది.

"వెయ్యి," అంది గున్వర్. "పదకొండున్నరకు వ్యాను వచ్చి తీసుకెళ్తుంది."

"మూడో మంచం మీద హల్వార్ ఉన్నాడు. మళ్లీ సెప్సిస్, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకింది. బీపీ పడిపోతోంది. మార్చిలో ఈ మందుతోనే లేచి కూర్చున్నాడు. ఒక్క సీసా ఇయ్యి చాలు."

"ముప్పైమందికి ఈ మందిచ్చాం. పదకొండుమంది పోయారు. పాత మందిచ్చిన ముప్పైమందిలో పోయింది ఐదుగురు. ఇతనికి పాతదే పెట్టు."

తెర వెనక నుంచి దగ్గు వినిపించింది. "ఏమంటోంది పిల్లా, మీ కెప్టెన్?"

"కాస్త ఓపిక పట్టు, హల్వార్."

"ముప్పై ఏళ్లు ఫెర్రీ పడవ నడిపినవాణ్ణి. ఒడ్డు కనిపిస్తుంటే ఎంతసేపైనా పడతాను. ఇప్పుడేమీ కనిపించట్లేదు."

తూరున్ గొంతు తగ్గించింది. "గున్వర్, మార్చిలో అతనికి వచ్చిన చీటీ పాత మందుది."

పరీక్షకున్న నియమం ఒక్కటే. రోగి రాగానే వరసలో పైనున్న కవరు తెరవాలి. లోపలి చీటీలో ఏ మందుంటే అదే ఇవ్వాలి. అందులో డాక్టరు ఇష్టానికి చోటు లేదు.

"కవరును దీపానికి పట్టి చూశాను," అంది తూరున్. "పాతదని కనిపించింది. చేతిలో పోయేలా ఉన్నాడు మనిషి. దాన్ని వెనక్కి నెట్టి, కొత్త మందు చీటీ ఉన్న కిందది తీశాను."

గున్వర్ ముఖంలో ఏ మార్పూ లేదు. "ఒక్కడితో లెక్క మారదు."

"నావి నాలుగు," అన్నాడు సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్న ఐలర్ట్. వచ్చే ఏడు రిటైరయ్యే డాక్టరు. "నలుగురూ ఇవాళో రేపో అన్నవాళ్లే. ముగ్గురు పోయారు. నిజం చెప్పాలంటే నాకా బుద్ధి పుట్టనే లేదు. నువ్వంటించిన కాగితం చదివాకే పుట్టింది."

ముగ్గురూ కవర్ల అల్మరా వైపు చూశారు. తలుపు మీద గున్వర్ చేతిరాత: కవర్లను దీపానికి పట్టి చూడరాదు. పరీక్ష మొదలైన మర్నాడే అంటించిన కాగితం అది.

"అర్థమవుతోందా?" అంది తూరున్. "చావుకు దగ్గరైనవాళ్లను ఏరి ఏరి కొత్త మందు వైపు తోశాం. వాళ్లను మందే చంపిందని ఎలా చెప్పగలం? ఈ లెక్క చెల్లదు. పరీక్షను చూసే పై కమిటీకి ఫోన్ చెయ్యి. హల్వార్ ఒక్కడి కోసం అడుగు, కాదనరు."

గున్వర్ చెయ్యి ఫోను దాకా వెళ్లింది. రిసీవరు మీద కాసేపు ఉంది. తిరిగి కోటు జేబులోకి వెళ్లిపోయింది.

"టేపు వెయ్యి," అంది ఫార్మసీ మనిషితో.

హల్వార్‌కు పాత మందు పెట్టారు. మధ్యాహ్నం మూడు కాకముందే అతని ఓపికా ఊపిరీ అయిపోయాయి.

సాయంత్రం స్టాఫ్ గదిలో గున్వర్ ఒక్కతే కూర్చుని ఉంది. ఎదురుగా ఎవరో తెచ్చిన వాఫిల్ అట్లు మెత్తబడిపోయాయి. తూరున్ కుర్చీ లాక్కుంది.

"రేపు కమిటీకి నేనే రాస్తాను. నా ఉద్యోగం పోతే పోనీ. ఒక్క మాట చెప్పు. పొద్దున నా మాట నమ్మలేదా?"

"నమ్మాను."

"మరి ఫోనెందుకు చెయ్యలేదు?"

"చేస్తే ఎన్ని కవర్లు, ఎవరెవరు అని అడుగుతారు. ఒకటో నంబరు రోగి దగ్గర మొదలుపెట్టాలి."

"అయితే?"

గున్వర్ చల్లారిన కాఫీని పక్కకు జరిపింది.

"ఒకటో నంబరు మా అక్క. మర్నాడు తెల్లారకముందే పోయింది. కవరులోంచి చీటీ కనిపిస్తుందని నాకెలా తెలిసిందనుకున్నావు, తూరున్?"