బదులు మనిషి

సంచిలో రొట్టెలు, ఎండుచేపలు సర్ది, పైన ఉన్ని మేజోళ్ళు కుక్కింది సిస్సెలా. మూతి బిగించబోయి, మళ్ళీ విప్పి, ఇంకో జత పెట్టింది.

"చాలమ్మగారూ! నాకున్నవి రెండే కాళ్ళు" అన్నాడు పాలేరు మోన్స్.

డెన్మార్క్ దేశపు డేన్లతో యుద్ధానికి, స్వీడన్ రాజుగారి యుద్ధనౌకలకు ఊరు ఒక మనిషినివ్వాలి. చీటీ సిస్సెలా ఇంటికి పడింది. మొగుణ్ణి సముద్రం ఎప్పుడో మింగేసింది. మిగిలింది ఒక్కగానొక్క కొడుకు హోకన్. అందుకే పాలిచ్చే ఆవును మోన్స్‌కి రాసిచ్చి, కొడుకు బదులు అతన్ని పంపుతోంది.

"ఆవుకు మారకం పోయిన మగాడు ఈ ఓలాండ్ దీవిలో నేనొక్కణ్ణే. డేన్లకి దొరికితే నన్నూ పాలు పిండుతారేమో!" మోన్స్ నవ్వాడు.

హోకన్ నవ్వలేదు. "వెళ్ళాల్సింది నేనమ్మా."

"నోర్ముయ్! నన్ను పాతిపెట్టి, అప్పుడెక్కు పడవ."

"ఊరుకో చిన్నయ్యా" అంటూ మోన్స్ సంచి భుజాన వేసుకున్నాడు. "నా ఆవుని బాగా మేపు. వచ్చి చూస్తా."

సిస్సెలా అతని మొహంలోకి చూడలేకపోయింది.

వేసవి మొదట్లో, గాలి విసురుగా ఉన్న ఒక మధ్యాహ్నం, డేన్ల ఓడలూ స్వీడన్ ఓడలూ ఒడ్డుకు కనిపించేంత దగ్గరలో తలపడ్డాయి. ఊరంతా తీరానికి పరుగెత్తింది. అన్నిటికన్నా పెద్ద స్వీడన్ ఓడ మలుపు తిరుగుతూ ఒరిగింది. ఒరిగి, మరి లేవలేదు. భగ్గుమని మంట లేచింది. ఆ పేలుడు మోత కాసేపటికి గాని ఒడ్డుకు చేరలేదు.

"మోన్స్ ఉన్నది అందులోనే" అన్నారెవరో.

సిస్సెలా రాళ్ళమీద కూలబడింది. 'నా బిడ్డ కోసం ఇంకో తల్లి బిడ్డని చంపాను.' వెనక, మునిగేవాళ్ళని కాపాడేందుకు పడవలు దించుతున్న ఊరి కుర్రాళ్ళ కేకలు వినబడుతున్నాయి. ఆమె మాత్రం పొగ మీంచి చూపు తిప్పలేకపోయింది. ప్రార్థన కూడా నోటికి రాలేదు.

పొద్దు వాలేవేళ చివరి పడవ ఒడ్డుకు తగిలింది. అందులోంచి మోన్స్ దిగాడు. జుట్టు కాలిపోయింది, బట్టలు నీళ్ళోడుతున్నాయి.

"బతికావా నాయనా! దేవుడు నన్ను మన్నించాడు!" సిస్సెలా అతన్ని వాటేసుకుంది.

మోన్స్ ఆమె కాళ్ళమీద పడిపోయాడు. "పడవ నిండిపోయిందమ్మగారూ. ఇంకొక్కరెక్కినా మునిగేది. ఒకడు నన్ను పైకి లాగి, తను నీళ్ళలోకి దిగిపోయాడు. వద్దన్నా వినలేదు."

"ఎవరా మహానుభావుడు? చెప్పు! వాళ్ళమ్మ కాళ్ళు కడుగుతాను."

మోన్స్ ఆమె కాళ్ళనే ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

1676 జూన్ ఒకటిన ఆ పడవలో వెళ్ళిన హోకన్ మళ్ళీ రాలేదు.