బుల్లియ్య పేరు మీద

పొలంలో ఎవరో ఉన్నారు.

మంచు ఇంకా విడలేదు. కొడవలితో గట్టెక్కిన జ్ఞానమ్మ ఆగిపోయింది. నిన్న కోసిన మడిలో ఒక ముసలాయన వంగి, రాలిన వరి వెన్నులు ఒక్కొక్కటే ఏరుతున్నాడు.

పరిగె ఏరుకునేవాళ్లు ఆమెకి కొత్త కాదు. కానీ వాళ్లు గుంపుగా వస్తారు, గోలగోలగా మాట్లాడుకుంటారు. ఈయన దగ్గర చప్పుడే లేదు. చుట్టూ కోసిన మళ్లు ఇంకెన్నో ఉన్నాయి. వాటివైపు చూడనైనా చూడటం లేదు.

"ఎవరండీ మీరు?"

ఆయన తలెత్తాడు. గుంటలు పడిన కళ్లు.

"ఇది బుల్లియ్యగారి చేనేనా అమ్మా?"

జ్ఞానమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

బుల్లియ్య ఆమె భర్త. తొంభై ఆరు తుఫానుకి ముందురోజు సముద్రం పక్కన రొయ్యల చెరువు కాపలాకి వెళ్లాడు. తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. దొరకలేదు కాబట్టి బతికే ఉన్నాడని ఆమె నమ్మకం. ఏడాది దాటినా ఆయనకీ కలిపే ఎసరు పెడుతుంది.

"ఆయన పేరు మీకెలా తెలుసు?"

"నీకో మాట చెప్పాలమ్మా. ఆయన..."

మిగతాది ఆమె వినలేదు. ఇంటికి పరిగెత్తి గడియ పెట్టుకుంది.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. అదే చేను, అదే మంచు.

"తుఫానులో పోయినోళ్లు కోతలకి వస్తారంటమ్మా," అంది పక్కింటి మాణిక్యాంబ గొంతు తగ్గించి. "వాళ్ల వాటా అన్నం వాళ్లు ఏరుకుపోడానికి. చూశావా, కుక్కలు కూడా మొరగట్లేదు. పిలిస్తే పలక్కు."

శనివారం ఆయన వాకిట్లోకే వచ్చాడు.

"ఒక్క మాట వినమ్మా."

తలుపు వెనక జ్ఞానమ్మ రెండు చెవులూ మూసుకుంది. దెయ్యమని కాదు. ఆ మాటేమిటో వినకముందే తెలిసిపోతున్నట్టుంది.

ఆదివారం కోత పండగ. చర్చి నిండా వరి పనలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఒక్కొక్కరూ ప్రథమ ఫలం తెచ్చి బల్ల ముందు పెడుతుంటే, పాస్టరుగారు పేరు చదివి స్తోత్రం చెబుతున్నారు.

గుమ్మం దగ్గరివాళ్లు పాట ఆపేశారు.

ముసలాయన తడబడుతూ నడిచి వచ్చాడు. తువ్వాలులో మూటకట్టిన వెన్నులు బల్ల ముందు పెట్టాడు.

"ఎవరి పేరు చదవమంటారండి?"

"బుల్లియ్యగారిదండయ్యా. ఆయన ఇక ఇవ్వలేరు కదా. ఆయన పేరు మీద నేను ఇస్తున్నాను."

జ్ఞానమ్మ లేచి నిలబడింది.

"ఆయన బతికే ఉన్నాడు! పంపించేయండి... ఈ మనిషిని పంపించేయండి!"

సంఘ పెద్ద గంగరాజు మూట తీసి ఆయన చేతిలో కుక్కాడు.

"ఆవిడ చేలో ఏరి, ఆవిడ మొగుడి పేరు మీద ఇస్తావా? నడు బయటికి."

పాస్టరుగారు చీటీలో తర్వాతి పేరు వెతికారు. ముసలాయన పెదవులు కదిలాయి గానీ దగ్గు తెర కమ్మేసింది. జ్ఞానమ్మ వైపు రెండు చేతులూ జోడించి, వెనుదిరిగాడు.

పాట మళ్లీ అందుకున్నారు.

తెల్లారి చర్చి మెట్ల మీద బిగుసుకుపోయి కనిపించాడు. ఎన్నాళ్ల జ్వరమో. మూట తల కింద ఉంది. ఒక రోజంతా చూశారు. ఆయన కోసం ఎవరూ రాలేదు. పేరు తెలీదు, ఊరు తెలీదు. సమాధుల దొడ్డిలో ఓ వారగా పూడ్చేశారు.

"పీడ విరగడైంది," అన్నాడు గంగరాజు.

జ్ఞానమ్మ కూడా గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం ఆమె వాకిట్లో ధాన్యం తూర్పారబడుతుంటే ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. కాళ్ల నిండా దుమ్ము.

"అమ్మా, మా నాన్న ఇటు వచ్చారాండి? వయసైనాయన, దగ్గుతుంటారు. ఏడాది నుంచీ ఊరూరా ఒక ఇల్లు వెతుకుతూ తిరుగుతున్నారండి."

జ్ఞానమ్మ చేతిలో చేట ఆగింది.

"ఎవరి ఇల్లమ్మా?"

"పేరు తప్ప ఊరు తెలీదండి. తుఫాను రోజు బుల్లియ్యగారని ఒకాయన, తన నడుముకున్న తాడు విప్పి, దాంతో తాటిచెట్టుకి కట్టి బతికించింది మా నాన్ననేనండి."