ఎడమపక్క సీటు

"చెయ్యి పెట్టకండి చాచా," అన్నాడు ఉమేష్.

ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు గానీ కదల్లేదు. కళ్ళజోడు సర్దుకుని, టేబుల్ మీదున్న పసుపు జీపు మీదికి వంగాడు. జానెడు కూడా లేని జీపు.

ఆదివారం బతు బస్తీ కమ్యూనిటీ హాల్లో మోడల్ బండ్ల ప్రదర్శన. పోర్ట్ బ్లెయిర్ మొత్తానికి ఈ పిచ్చి ఉన్నవాళ్ళు పదకొండు మంది. అందులో ముదిరిపోయిన కేసు ఉమేష్. ఫీనిక్స్ బేలో బోటు టికెట్ల కౌంటర్లో ఉద్యోగం. ఇంటికొస్తే జిగురు, ఎమరీ పేపరు, రంగు డబ్బాలు.

ఆస్పత్రికి చేరకముందే దారిలో, బండిలో పుట్టినవాడికి బండ్ల పిచ్చి కాక ఇంకేం పడుతుందని వాళ్ళమ్మ అప్పలకొండమ్మ నలుగురిలోనూ నవ్వుతుంది. అదేం బండని అడిగితే, ఆ నొప్పుల్లో ఎవరు చూశార్రా అంటుంది.

పాత బండిని కోసి, పెద్ద ఇంజను బిగించి పరిగెత్తించేవాటిని హాట్ రాడ్లంటారు. ఒకప్పుడు ఊళ్ళో అలాంటిది ఒక్కటే ఉండేది. జీపుకి లారీ ఇంజను. పైన టాపు లేదు, కింద సైలెన్సరు లేదు. అది వస్తుంటే కోళ్ళు గోడలెక్కేవట. ఎవడో రౌడీ షోకుకి నడిపేవాడట.

మిగిలింది ఒక్క ఫోటో. అదీ డ్రైవరు వైపు నుంచి తీసింది.

ఆ ఫోటో ముందు ఉమేష్ ఎనిమిది నెలలు కూర్చున్నాడు. జీపు కిట్టు తెప్పించి బానెట్టు కోశాడు. లారీ కిట్టులోంచి ఇంజను పీకి పెట్టాడు. పెన్ను రీఫిళ్ళు పొగగొట్టాలయ్యాయి. వాళ్ళమ్మ పాత పర్సు రెండు సీట్లయింది. అసలు బండికీ దీనికీ ఒక్క మేకు తేడా చూపించండి చూద్దామని పొద్దుట్నుంచీ అందరినీ సవాలు చేస్తున్నాడు.

ముసలాయన చూపించాడు.

"ఇటేపు సీటు నేదు బాబూ. బల్లుండేది."

జడ్జీలు రెండు టేబుళ్ళ అవతలే ఉన్నారు. అచ్చం అసలు బండిలా ఉన్నదానికే మొదటి బహుమతి. ఉమేష్ గొంతు తగ్గించాడు.

"మీరు చూశారా ఆ బండిని?"

"సూసినాను, కొద్దిగా."

కొద్దిగా చూసినవాళ్ళకే మాటలెక్కువ అనుకున్నాడు ఉమేష్.

జీపు ముందున్న హిందీ అట్ట మీద ఏం రాశావని ముసలాయన అడిగాడు. పోర్ట్ బ్లెయిర్ రౌడీ జీపు అని ఉమేష్ చదివి వినిపించాడు. ఆయన కోపం తెచ్చుకోకుండా నవ్వాడు. తర్వాత తను తిన్న ఐస్‌క్రీమ్ పుల్లని కొలత చూసి తుంచి, ఎడమపక్క సీటు మీద పొడుగ్గా పెట్టాడు.

"ఇలగుండేది."

"ఆగే బఢియే చాచా, ముందుకి కదలండి, వెనక జనం ఉన్నారు," అన్నాడు ఉమేష్ అచ్చు టికెట్ కౌంటర్ గొంతుతో.

ఆయన ఏమీ అనుకోలేదు. సందర్శకుల పుస్తకం అడిగి తీసుకుని, నిలబడే అర పేజీ రాశాడు. నాలుగింటి బోటుకి హట్ బే వెళ్ళాలని చెప్పి, గుడ్డ సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

రాసింది తెలుగు. ఉమేష్ చదువంతా హిందీ మీడియం. తెలుగు గడగడా మాట్లాడతాడు, చదవమంటే మాత్రం ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. ఇప్పుడంత ఓపికెక్కడిది? పేజీ తిప్పేశాడు. పుల్లని టేబుల్ కింద చెత్త అట్టపెట్టెలోకి తోసేశాడు.

ఐదింటికి మొదటి బహుమతి ఉమేష్‌కే వచ్చింది.

ఆరింటికి అప్పలకొండమ్మ వచ్చింది. కప్పుని కొంగుతో తుడిచి మురిసిపోయింది. ఉమేష్ సామాన్లు సర్దుతుంటే కుర్చీలో కూర్చుని సందర్శకుల పుస్తకం తిరగేసింది. ఒకచోట తెలుగు అక్షరాలు కనబడేసరికి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. పైకే చదవడం మొదలుపెట్టింది.

"బాబూ, బండి బాగా చేశావు. ఎడమపక్క సీటు తీసి బల్ల వెయ్యి. బల్ల లేకపోతే మనుషుల్ని ఎలా పడుకోబెట్టేది? అంబులెన్సు దొరకని రోజులవి. లారీ ఇంజను పెట్టింది ఎత్తు ఎక్కడానికి. సైరన్ కొనే తాహతు లేదు, అందుకే సైలెన్సరు తీసేశాను. మోత విని జనం తప్పుకునేవారు."

ఉమేష్ చేతులాగిపోయాయి. తీసేశాను అని రాశాడు. తీసేశారు అని కాదు.

ఉమేష్ వంగి అట్టపెట్టె వెతికాడు. పుల్ల దొరికింది. అప్పుడు అంటించిన దానికంటే ప్రేమగా ఎడమపక్క సీటు ఊడదీసి, పుల్లని అక్కడ పెట్టాడు. కొలిచి చేసినట్టు సరిపోయింది. రౌడీ జీపు అని రాసిన అట్టని రెండుగా చింపాడు. సిగ్గేసింది. అంత సిగ్గులోనూ బండి ఇప్పుడే పూర్తయిందని హాయిగా కూడా ఉంది.

అప్పలకొండమ్మ మిగతాది చదివింది. ఈసారి గొంతు నెమ్మదించింది.

"ఎంతోమందిని చేర్చాను. ఒక్కటి మాత్రం మరవలేను. ముప్పై ఆరేళ్ళ కిందట వానలో సిప్పీఘాట్ దగ్గర ఒక తల్లి ఎక్కింది. ఆస్పత్రి దగ్గర ఇద్దరు దిగారు. మగపిల్లాడు. పేర్లైనా అడగలేదు. ఎక్కడున్నా బాగుండాలి. ఇట్లు, డ్రైవర్ గురునాథం, హట్ బే."

ఆవిడ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. పసుపు జీపులోని ఆ పుల్ల వైపే చూసింది. కళ్ళు తడిసినా మొహం నవ్వుతోంది.

"రేపు కౌంటర్ తీయగానే హట్ బేకి రెండు టికెట్లు తియ్యరా," అంది. "ఆ దిగిన ఇద్దరం మనమే."