వానరోజు చూసుకుని

పడవ ఫ్యోర్డ్‌లోకి, అంటే కొండల మధ్య సముద్రపు పాయలోకి రాగానే, మైకు అందుకుని రోజూ చెప్పే కథే ఎత్తుకున్నాను. "ఆ కొండ అంచున ఒక ఇల్లుండేది. పిల్లలు జారి కింద ఫ్యోర్డ్ నీళ్ళలో పడకుండా తల్లి వాళ్ళని మేకల్లా తాడుతో కట్టేసేదట!"

లోపల యాత్రికులు పగలబడి నవ్వారు. వాన పడుతుందని చెప్పినా వినకుండా పడవెక్కి, ఇప్పుడు పొగమంచుని ఫోటోలు తీసుకుంటున్న మహానుభావులు. వీళ్ళని మోసి మోసి నాకు మనిషంటేనే వెగటు పుట్టింది.

బయట ఒక ముసలావిడ మాత్రం రెయిలింగ్ పట్టుకుని తడుస్తోంది.

"ఈవిడకేం పిచ్చే, సిన్నొవె?" అన్నాను టికెట్లు చూసే మా మేనకోడలితో. "జ్వరమొస్తే మళ్ళీ మన ప్రాణానికే."

"పిలిచాను మామయ్యా, రానంది. మాట మన వైపుదే."

విసుక్కుంటూ నేనే వెళ్ళాను. "ఈ మంచులో ఏం కనబడుతుందమ్మా?"

"నీళ్ళ దగ్గరికి రావాలి, కొండ కనబడకూడదు. అందుకే వానరోజు చూసుకుని వచ్చాను."

అంతలోనే మంచు విడిపోయింది. పైన కొండ అంచున కూలిన గోడ బయటపడింది. లోపల అందరూ కేకలేస్తూ కిటికీల మీద పడ్డారు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది.

"మీ ఇల్లా?" అన్నాను.

"నువ్వు మైకులో చెప్పినట్టు పిల్లలందర్నీ కాదయ్యా. తాడు ఒక్కటే ఉండేది, దాంతో నన్ను కట్టింది. అన్నయ్యకి ఐదేళ్ళు. బుద్ధి తెలిసినవాడని వదిలేసింది మా అమ్మ."