ఎత్తని రెక్క

జొన్నచేలో కౌజుపిట్టల గుంపొకటి ఉండేది. డేగని చూసిన పిట్ట కూత పెడితే మిగతావన్నీ పొదల్లో దూరేవి.

ఆ గుంపులో ఒక తల్లికి రెండు పిల్లలు. రెండింటికీ చెవులు వినపడవు.

"కూతతో పాటు ఒక రెక్క కూడా ఎత్తండమ్మా. నా పిల్లలు చూసి దాక్కుంటారు" అని తల్లి బతిమాలింది.

"అదెంత పని! వాళ్ళు మన పిల్లలు కారూ!" అన్నాయి పిట్టలన్నీ.

మర్నాడే, తల్లి అవతలి గట్టుకి మేతకెళ్ళినప్పుడు, డేగ వచ్చింది. అన్నీ కూత పెట్టాయి. ఒక్క రెక్కా లేవలేదు. గింజలేరుకుంటున్న పెద్దపిల్లని డేగ తన్నుకుపోయింది.

"గొంతు చించుకుని అరిచాం గదా, ఇంకేం చెయ్యాలి?" అంటూ పిట్టలు తిరిగొచ్చిన తల్లి చుట్టూ చేరాయి. తల్లి తల ఎత్తలేదు.

డేగ మళ్ళీ వస్తోంది. గుంపు వెనక ఉన్న చిన్నపిల్ల దాన్ని చూసి, తల్లి నేర్పినట్టే రెక్క ఎత్తి నిలబడింది.

అటు ఎవరూ చూడలేదు.